ఊఁ కొట్టిన గోరింకలు

ఈ కథ మొదట చెప్పింది కోరాడ సన్నాసి, తేనెపట్లు దించేవాడు. కొమ్మ మీంచి ఆయన చెప్పాడు, కింద పొగ పెట్టేవాళ్ళు విన్నారు. తర్వాత చాలామంది చెప్పారు. కొందరు తాబేలుని కుందేలు చేశారు. ఒకాయన పెళ్ళిపందిట్లో నక్కని గొప్పవాణ్ణి చేసి చెప్పి, శాలువా కూడా కప్పించుకున్నాడు. ఆయన పేరు రాస్తే కాగితం దండగ. సన్నాసి చెప్పింది చెప్పినట్టు ఇదీ.

ఒక పెద్ద అడవిలో డిప్పయ్య అనే ముసలి తాబేలు ఉండేవాడు. ఏనుగురాయి పక్కనున్న మద్దిచెట్టు మొలకగా ఉన్నప్పుడు దాన్ని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళానని చెప్పుకునేవాడు. ఆ సంగతి మరిచిపోయి ఆ చెట్టు తన మీదే ఎండుకొమ్మలు రాలుస్తోందని దాని మీద కోపం. డిప్పయ్యకి ఇలాంటి కోపాలు చాలా ఉండేవి. ఆయన నడక నెమ్మది. కోపం చల్లారడం ఇంకా నెమ్మది.

ఆ అడవిలో వాగు చలికాలం వెళ్ళేసరికి ఎండిపోయేది. మళ్ళీ వానలు పడేదాకా నీళ్ళు దొరికేది ఒక్క ఊట దగ్గరే. ఆ ఊట ఒకచోట కుదురుగా ఉండేది కాదు. ఏటా వరదకి బండలు దొర్లి, నేల కింద దారి మారి, ఈ ఏడు ఇక్కడ పుడితే వచ్చే ఏడు మరెక్కడో పుట్టేది. దాన్ని పట్టుకోవడం కాళ్ళెత్తి గెంతేవాళ్ళ వల్ల కాదు. పొట్ట నేలకి ఆనించి పాకేవాడికే చెమ్మ తెలుస్తుంది. డిప్పయ్య వానలు తగ్గాక వాగు పొడుగునా పాకి, ఊట ఎక్కడుందో చూసుకుని, మోదుగులు పూసేవేళకి తిరిగొచ్చి ఏనుగురాయి దగ్గర అందరికీ దారి చెప్పేవాడు. దాన్ని నీటిమాట అనేవారు.

నీటిమాటకి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు కళ్ళు మూసుకుని చెప్పాలి, లేకపోతే దారి మనసులో చెదిరిపోతుంది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే మాట ఆగాలి. మొత్తం ఒక్కసారే చెప్పాలి. రెండోసారి అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. ఇది డిప్పయ్య తాతల నాటి పద్ధతి. దీంట్లో ఒక్క వెంట్రుకవాసి మార్చినా ఆయన ఒప్పుకోడు.

ఇలా ఉండగా అడవికి గోరింకలు అలవాటయ్యాయి.

మొదట నక్క గుమాస్తా ఒకదాన్ని భుజానికెక్కించుకున్నాడు. ఈయన అడవి సభకి రాతకోతలు చూసేవాడు. “ఇది కూస్తే లోయ అవతలి గోరింక అందుకుంటుంది. అది కూస్తే దాని అవతలిది. మూడో కొండ మీద ఎవరు తుమ్మినా నాకిక్కడ తెలుస్తుంది. రోజుకి నాలుగు పళ్ళు పడేస్తే చాలు, ఆపమన్నా ఆపదు,” అన్నాడు.

నెల తిరిగేసరికి ప్రతి భుజం మీదా, ప్రతి కొమ్ము మీదా ఒక గోరింక. పిలుపొస్తే అది కిర్రుమనేది. కిర్రుమనగానే ఎంతటి మాటనైనా మధ్యలో వదిలేసి అటు తిరిగేవాళ్ళు.

ముట్టెయ్య అనే అడవిపంది ఉండేవాడు. పక్కనే మేస్తున్న దుప్పి చుక్కమ్మని “పిల్లాడెలా ఉన్నాడమ్మా” అని అడగడం మానేశాడు. చుక్కమ్మ పిల్లాడికి కాలు బెణికిన సంగతి మూడు కొండలు తిరిగి తన గోరింక చెవిన వేస్తే, దాన్ని తీసుకెళ్ళి చుక్కమ్మకే కొత్తగా చెప్పాడు. నెమలి పింఛయ్య పురి విప్పి, “ఎవరెవరు బావుందన్నారు?” అని గోరింకని అడిగేవాడు. ఎదురుగా నోరు తెరుచుకుని చూస్తున్నవాళ్ళు ఆయనకి కనపడేవాళ్ళు కాదు. గోరింక ముక్కుకి ఆకు చుడితే మర్యాద అని కొన్నాళ్ళు చుట్టారు. ఆకు చుట్టిన గోరింక అరవదు గాని, భుజం మీద గజగజ వణుకుతుంది. అప్పుడు భుజం వంక చూడకుండా ఉండటం ఎవరి తరమూ కాలేదు.

పోయిన ఏడు డిప్పయ్య ముసలామె చిప్పమ్మ పోయింది. పరామర్శకి అందరూ వచ్చారు. వరసగా కూర్చున్నారు. డిప్పయ్య, “మేం కాపురానికొచ్చిన కొత్తలో,” అని మొదలెట్టాడు.

ముట్టెయ్య గోరింక కిర్రుమంది. “ఒక్క నిమిషం తాతా,” అని ముట్టెయ్య అటు తిరిగాడు. అంతలో గుమాస్తా భుజం మీది పక్షి అవతలి కొండ మీద నక్కల పెళ్ళిలో పాడుతున్న బూతుపాట అందుకుంది. కొందరికి నవ్వాగలేదు.

డిప్పయ్య ఆ మాట అక్కడే మింగేశాడు. చిప్పమ్మ కథ గొంతులోనే ఉండిపోయింది. ఆరోజు ఎవరెవరు నవ్వారో, ఎవరి తర్వాత ఎవరో, ఆయనకి వరసగా గుర్తు.

ఈ ఏడు వానలు సగమే పడ్డాయి. ఊట ఎన్నడూ లేనంత దూరం జరిగింది. పదకొండు మలుపులు. ఒక్క మలుపు తప్పినా నెత్తిన ఎండ, కింద రాళ్ళు, నాలుకలు బయటపెట్టి పడిపోవడమే. అందుకని డిప్పయ్య నాలుగురోజుల ముందే ఏనుగురాయి చేరి గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు.

సభకి పెద్ద పులి దొర. ఆయన రాయి మీద పడుకుని ఉన్నాడు, పంజా మీద గోరింక.

“మొదలెట్టండి పెద్దాయనా,” అన్నాడు, తల తిప్పకుండా.

“మీ పని కానివ్వండి దొరా. నేనాగుతాను.”

“చెవులు మీవైపే ఉన్నాయి. కానివ్వండి.”

డిప్పయ్య కళ్ళు మూసుకున్నాడు. “ఏనుగురాయికి పడమటి వైపు నుంచి దిగాలి.”

“ఊఁ,” అన్నారందరూ.

“తెల్లబండ దగ్గర ఎడమకి తిరగాలి.”

“ఊఁ.”

“అక్కడ పాలకొడిసె చెట్లు రెండుంటాయి. వాటి మధ్య నుంచి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పాలకొడిసె చెట్లలో నవ్వొచ్చేది ఏముందో డిప్పయ్యకి అర్థం కాలేదు. కాసేపు ఊరుకున్నాడు. ఊరుకుంటే కూడా “ఊఁ” అన్నారు.

“అక్కడ ఆగి,” అన్నాడు డిప్పయ్య నెమ్మదిగా, “పులి దొరగారి మీసం ఒకటి పీకి, దాంతో పళ్ళు కుట్టుకోవాలి.”

“ఊఁ,” అన్నాడు పులి దొర.

“తర్వాత ముట్టెయ్యని కాల్చి తలా ఒక ముక్కా తినాలి.”

“ఊఁ ఊఁ,” అన్నాడు ముట్టెయ్య. “భలే.”

డిప్పయ్య కళ్ళు తెరిచి చూశాడు. ఒక్క మొహమూ తనవైపు లేదు. ఆయన లేచి సభలోంచి వెళ్ళిపోయాడు. తాబేలు విసురుగా వెళ్ళిపోవాలన్నా దానికి కొంత సమయం పడుతుంది. పొద్దున బయల్దేరినవాడు మధ్యాహ్నానికి సభ చివరికి చేరాడు. అప్పటికీ వెనక నుంచి ఊఁలు వినపడుతూనే ఉన్నాయి.

మాట సగంలో ఆగింది కాబట్టి పద్ధతి ప్రకారం అది చెప్పినట్టు కాదు. ఇంకా ఒకసారి మిగిలే ఉంది.

నాలుగోరోజుకి వాగులో ఆఖరి మడుగు బురదైంది. అప్పుడు పులి దొరకి నీటిమాట గుర్తొచ్చింది. సభ పెట్టారు. గుమాస్తా బూరుగు బెరడు మీద ముళ్ళపంది ముల్లుతో ఒక నిబంధన గీకి తెచ్చి చదివాడు.

“గౌరవ సభలో గోరింకలు నిషిద్ధం. ఎవరి పక్షిని వారు మద్దిచెట్టు తొర్రలో ఉంచి, మూతికి రాయి అడ్డం పెట్టవలెను. అత్యవసరం ఉన్నవారికి మినహాయింపు.”

“అత్యవసరం అంటే?” అని అడిగింది చుక్కమ్మ.

“దొరగారు అడవి నడపాలి. అది అత్యవసరం. నేను మినిట్స్ రాయాలి. అదీ అత్యవసరమే.”

“మా ఆవిడ ఈనబోతోంది,” అన్నాడు ముట్టెయ్య.

“దానికింకా రెండు నెలలుందిగా అన్నా?”

“నెలలు తక్కువ పుట్టే పిల్లలుండరా ఏమిటమ్మా.”

“నేనొక్క పూట పలక్కపోతే,” అన్నాడు పింఛయ్య, “నేను పోయాననుకుంటారు. మూడు కొండల్లో ఏడుపులు లేస్తాయి. అదంతా ఎవరు ఆపుతారు?”

“అయితే మా పిల్లాడు అవతలి లోయలో ఉన్నాడు, నాక్కూడా రాయండి,” అంది చుక్కమ్మ.

గీకగా గీకగా మినహాయింపు లేనివాడు ఒక్కడే మిగిలాడు.

“తాతా, మీ గోరింకని అప్పగించండి,” అన్నాడు గుమాస్తా.

“నాకు లేదు.”

“లేకపోతే ఎలా?”

“లేనిదాన్ని ఎలా అప్పగిస్తారో నువ్వే చెప్పు.”

“నిబంధన అందరికీ ఒకటే తాతా. మీకోసం మార్చలేం. ఎవరి దగ్గరైనా ఒకటి అడిగి తెచ్చుకుని, అది అప్పగించండి.”

డిప్పయ్య కదల్లేదు. గుమాస్తా ముల్లు తీసి గీకాడు: తాబేలు డిప్పయ్య గోరింకని సమర్పించలేదు.

డిప్పయ్య పులి దొర వైపు తిరిగాడు. “దొరా, ఎండల్లో మీరు తాగేది నీళ్ళా, మినహాయింపులా?”

పులి దొర నాలుకతో మూతి తడుపుకున్నాడు. నాలుకే పొడిగా తగిలింది. “అందరివీ తొర్రలో పెట్టండి,” అన్నాడు. “నాది కూడా. ఎల్లుండి కాదు, ఆ తర్వాతి పొద్దున సభ.”

అక్కడితో అయిపోయేది. కాని ఆ వారమే ఇప్పచెట్లు పూలు రాల్చడం మొదలెట్టాయి. అవి ఉన్నది అవతలి వాలులో. పొద్దున్నే వెళితే దక్కుతాయి, ఎండెక్కితే ఎలుగుబంట్లు ఊడ్చేస్తాయి. సభ కూడా పొద్దున్నే. సభలో కూర్చుంటే ఇప్పపూలు పోతాయి, ఇప్పపూలకి పోతే నీళ్ళు పోతాయి. పులి దొర పూలు తినడు. పూల కోసం పక్క అడవి నుంచి వచ్చేవాళ్ళతో ఆయనకి పని.

గుమాస్తా అందరినీ చెట్టు చాటుకి పిలిచాడు.

“గోరింకలు విన్నది విడవవు. అవునా?”

“అవును.”

“మన గొంతులు దించేస్తాయి. అవునా?”

“ముట్టెయ్య గోరింకైతే గురక కూడా పెడుతుంది,” అన్నాడు పింఛయ్య.

“మరి వినేపని వాటికే అప్పజెబితే పోలా? తొర్రలో కూర్చుని మన గొంతులతో ఊఁ కొడతాయి, దారంతా పట్టుకుంటాయి. మనం పూలు తిని వచ్చి అడిగి తెలుసుకుందాం.”

“తాత చూడడా?” అంది చుక్కమ్మ.

“కళ్ళు మూసుకుంటాడుగా. అది ఆయన పద్ధతి.”

“తప్పు కదూ?”

“గోరింకలు తొర్రలో ఉండాలని నిబంధన. ఉంటాయి. మనం తొర్ర బయట ఎంతదూరంలో ఉండాలో ఎక్కడా రాయలేదు. రాసింది నేనే కదమ్మా.”

రెండురోజులు గోరింకలకి తర్ఫీదు ఇచ్చారు. మాట ఆగితే ఊఁ. ఊఁ అంటే ఇప్పపువ్వు. ఊఁ మరిచిపోతే పస్తు. మూడోరోజుకి అవి ఆకు రాలినా ఊఁ అనే స్థితికొచ్చాయి.

సభరోజు పొద్దున డిప్పయ్య వచ్చేసరికి అందరూ బుద్ధిగా కూర్చుని ఉన్నారు. భుజాలన్నీ ఖాళీ. తొర్రకి రాయి అడ్డం. ఆయనకి సంతోషమేసింది. అది కనపడనివ్వకుండా, “ఆలస్యంగా కూర్చున్నారు,” అని విసుక్కుని కళ్ళు మూసుకున్నాడు.

ఒక్కొక్కరే లేచారు. పింఛయ్య తోక ఈడ్చుకుంటూ పోతుంటే డిప్పయ్యకి గాలి వీస్తోందనిపించింది.

“ఏనుగురాయికి పడమటి వైపు నుంచి దిగాలి.”

“ఊఁ,” అంది పులి గొంతు, బరువుగా.

“తెల్లబండ దగ్గర ఎడమకి.”

“ఊఁ,” అంది పంది గొంతు, ముక్కుతో.

డిప్పయ్య చెప్పుకుపోయాడు. నాలుగో మలుపులో నేల బోలుగా మోగుతుందన్నాడు. ఏడో మలుపులో ఎర్రచీమల బారు ఎదురైతే సరైన దారన్నట్టే అన్నాడు. తన తాత తనకొక్కడికే చెప్పిన గుర్తులు కూడా ఈసారి దాచుకోకుండా చెప్పేశాడు. ప్రతి మాటకీ ఊఁ. వెంటనే ఊఁ. ఒక్కటీ తప్పలేదు. తన జన్మలో ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. చిప్పమ్మ కూడా వినలేదు. పోయిన ఏటి కోపం ఒకటి రెండు మరిచిపోదామా అని కూడా ఆయనకి అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

“పదకొండో మలుపులో, రాయి కింద రాయి తీస్తే ఊట. అయిపోయింది.”

“ఊఁ.”

“అయిపోయిందన్నాను.”

“ఊఁ ఊఁ.”

డిప్పయ్య కళ్ళు తెరిచాడు. ఏనుగురాయి మీద ఎండ తప్ప ఎవరూ లేరు. దగ్గాడు.

“ఊఁ,” అంది తొర్ర, పులి గొంతుతో.

ఆయన తన బొరియ వైపు తిరిగాడు.

పొద్దెక్కాక మిగతావాళ్ళు తూలుకుంటూ వచ్చారు. పులి దొర మూతి నాక్కుంటూ వచ్చాడు. రాయి దొర్లించారు.

“దారి ఎటు?” అని అడిగాడు గుమాస్తా తన గోరింకని.

“ఊఁ.”

“మొదటి మలుపు ఎక్కడ?”

“ఊఁ.”

పులి దొర తనదాన్ని అడిగాడు. “ఊఁ.” ముట్టెయ్య అడిగాడు. “ఊఁ,” అని, గురక పెట్టింది. చుక్కమ్మ బతిమాలింది, పింఛయ్య తిట్టాడు, గుమాస్తా పువ్వు చూపించి వెనక్కి లాక్కున్నాడు. ఎన్ని చేసినా అదే ముక్క. పాపం అవి మాట ఎప్పుడాగుతుందా అని కాచుకుని కూర్చున్నాయి. ఆగే చోటు కోసం కాచుకున్నవాడికి మాట ఎలా వినపడుతుంది?

వారానికి బురద కూడా పెచ్చులు లేచింది. గోరింకలకి రెక్కలున్నాయి. ఒకరోజు లేచి నీళ్ళున్న అడవికి పోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు అందరూ డిప్పయ్య బొరియ దగ్గరికొచ్చారు.

“తాతా, చిన్న సందేహం,” అన్నాడు గుమాస్తా. “మూడో మలుపు ఎడమకా కుడికా? మిగతాదంతా గుర్తుంది.”

“ఒక్కసారే చెబుతాను. చెప్పాను. మీరందరూ ఊఁ అన్నారు. నా చెవులతో విన్నాను.”

“పెద్దాయనా,” అన్నాడు పులి దొర, “నేను పులిని.”

“నేను డిప్పని. కొరికి చూడండి.”

తల లోపలికి లాక్కున్నాడు. వాళ్ళు చీకటి పడేదాకా అక్కడే నిలబడి, వెళ్ళిపోయారు.

మర్నాడు చుక్కమ్మ ఒక్కత్తే వచ్చింది.

“నీళ్ళ సంగతి చెప్పను,” అంది బొరియ.

“అడగను తాతా.”

“మరెందుకొచ్చావు?”

“ఊరికే.” బొరియ ముందు నీడలో కూలబడింది. “పోయిన ఏడు మామ్మ గురించి ఏదో మొదలెట్టి ఆపేశారు. కాపురానికొచ్చిన కొత్తలో అని. ఆరోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

“మూడోదానివి,” అన్నాడు డిప్పయ్య.

“మొన్న పూలకి కూడా పోయాను.”

“తెలుసు.”

“కొత్తలో ఏమైంది తాతా?”

చాలాసేపటికి తల బయటికొచ్చింది. డిప్పయ్య కళ్ళు మూసుకున్నాడు.

“కొత్తలో వరదొచ్చింది. వాగు అవతల చిప్పమ్మ వెల్లకిలా పడింది. కాళ్ళు పైకి. మేం వెల్లకిలా పడితే లేవలేం.”

“ఊఁ.”

“అక్కణ్ణుంచే నన్ను తిట్టడం మొదలెట్టింది. నేను వాగు దాటాలి. రెండురోజులు పట్టింది. నీళ్ళ హోరులో దారి తెలియలేదు. తిట్లు ఎటు నుంచి వస్తే అటు వెళ్ళాను.”

చుక్కమ్మ నవ్వింది. ఊఁ మరిచిపోయింది. డిప్పయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. ఆమె నోరు తెరుచుకుని వింటోంది. మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

“వెళ్ళాక మామ్మ ఏమంది?”

“అప్పుడే వచ్చావేం, ఇంకా సగం తిట్లు మిగిలున్నాయి అంది.”

“మీరేమన్నారు?”

“తిప్పి నిలబెట్టి, మిగతావి ఇప్పుడు తిట్టు అన్నాను. తిట్టలేదు. ఏడ్చింది. అలా అది ఏడవడం అదొక్కసారే.”

ఊఁ రాలేదు. వింటోంది కాబోలనుకుని డిప్పయ్య ఆగాడు. ఇంకా రాలేదు. ఊఁ ఆగితే మాట ఆగాలి. ఆగి, కళ్ళు తెరిచాడు.

చుక్కమ్మ పక్కకి ఒరిగిపోయి ఉంది. నాలుక మట్టికి ఆనింది. డొక్కలు మాత్రం కదులుతున్నాయి. నీళ్ళ మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు.

“ముట్టెయ్యా,” అని డిప్పయ్య పిలిచిన పిలుపుకి పొదలు కదిలాయి. వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి అక్కడే పడి ఉన్నారు, పోవడానికి చోటు లేక. “ఆ పుట్ట పక్కన తీగ కింద దుంప ఉంటుంది. తవ్వు. నమిలి మింగావంటే నీ సంగతి చూస్తాను. నమిలి దీని నోట్లో పిండు.”

ముట్టెయ్య తవ్వాడు. మింగాలని ఉన్నా మింగలేదు. దుంప రసం నాలుగు గుక్కలు పడ్డాక చుక్కమ్మ కన్ను తెరిచింది. డిప్పయ్య బొరియలోంచి పూర్తిగా బయటికొచ్చి, పడమటి వైపు తిరిగి నడవడం మొదలెట్టాడు.

గుమాస్తా వెంటపడ్డాడు. “తాతా, చెప్పనన్నారుగా?”

“చెప్పనన్నాను. నడవనన్నానా?”

తొమ్మిదిరోజులు పట్టింది. ముందు తాబేలు, వెనక పులి, ఆ వెనక అడవంతా. మలుపులు ముందే తెలియవు కాబట్టి ఆయన్ని దాటి ఎవరూ పోలేరు. పొద్దున బయల్దేరి సాయంత్రం వెనక్కి చూస్తే పొద్దుటి చెట్టు ఇంకా కనపడేది. దారిపొడుగునా ముట్టెయ్య తవ్విన దుంపలతోనే ప్రాణాలు నిలిచాయి.

మొదటిరోజు ఎవరి భుజం వాళ్ళు తడుముకున్నారు. లేని గోరింక కిర్రుమందని పింఛయ్య మూడుసార్లు ఆగాడు. రెండోరోజు గతిలేక ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ముట్టెయ్య తన అజీర్తి గురించి మధ్యాహ్నం దాకా చెప్పాడు. పులి దొర తను చిన్నప్పుడు ఎంత అందగాడో రెండుసార్లు చెప్పాడు. “నా పురి ఎవరికీ గుర్తుండదు ఇక,” అని పింఛయ్య ముక్కు చీదితే, “నేను ఎదురుగా నిలబడి చూశానుగా, బావుంది,” అంది చుక్కమ్మ. పింఛయ్య ఆమె వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మూడోరోజుకి అందరికీ ఒక సంగతి అర్థమైంది: పక్కవాడు ఇంత విసుగు కాబట్టే గోరింకలు అంత ముద్దొచ్చాయి. అయినా విన్నారు. పోయేచోటు లేదు.

నాలుగోరోజు నుంచి డిప్పయ్య తన కోపాలు ఎత్తుకున్నాడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు, వరసగా. మద్దిచెట్టుతో మొదలెట్టి గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదో మలుపు వచ్చింది. మధ్యలో చాలాసార్లు ఊఁలు తప్పాయి. ఒకసారి పులి దొర, “అది నేను కాదు, మా నాన్న,” అన్నాడు కూడా. డిప్పయ్యకి ఎందుకో హాయిగా ఉంది.

పదకొండో మలుపు దగ్గర నీళ్ళ వాసన తగిలింది. అంతే. తొమ్మిదిరోజులు ఆయన వెనక నడిచినవాళ్ళు ఆయన మీంచి దూకి పరిగెత్తారు. డిప్పయ్య చేరేసరికి రాళ్ళు దొర్లించి, ఊటంతా కలిచి బురద చేశారు. ఒక్క మూల మాత్రం చుక్కమ్మ నాలుగు కాళ్ళూ అడ్డం పెట్టి నిలబడి ఉంది. ఆమె వెనక చారెడు తేట నీళ్ళు.

“ఆలస్యం చేశారు తాతా,” అంది.

“ఊఁ,” అన్నాడు డిప్పయ్య, మూతి ముంచి.

వానలు పడ్డాయి. పళ్ళొచ్చాయి, పళ్ళ వెనక గోరింకలొచ్చాయి. భుజాలు నిండాయి. గుమాస్తా ఆ ఏటి మినిట్స్ బెరడు మీద గీకి మద్దిచెట్టుకి తగిలించాడు. డిప్పయ్యకి అక్షరాలు రావు. చుక్కమ్మ చదివి వినిపించింది.

“గౌరవ సభ్యులందరూ నీటిమాటను శ్రద్ధగా వినిరి. తొర్ర పద్ధతి జయప్రదమైనందున ఊట దొరికినది. తాబేలు డిప్పయ్య తొమ్మిది రోజులు ఆలస్యం చేసెను. గోరింకని సమర్పించలేదు. నీతి: ఊఁ కొడితే విన్నట్టే.”

డిప్పయ్య గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళేసరికి రెండురోజులు.

“అది తప్పు. దిద్దు.”

గుమాస్తా చెవి గోరింక వైపు ఉంది. “ఊఁ,” అన్నాడు.

“తొర్ర కాదు దారి చూపింది. నేను నడిచాను.”

“ఊఁ.”

“నీ మొహం మండా.”

“ఊఁ తాతా, అలాగే.”

ఆ బెరడు ఇంకా మద్దిచెట్టుకే వేలాడుతోందని, తన కళ్ళతో చూశానని సన్నాసి చెప్పాడు. కాబట్టి అక్షరాలు వచ్చినవాళ్ళు ఎవరైనా ఏనుగురాయి వైపు వెళితే, ఒక ముల్లు పట్టుకెళ్ళి పై నాలుగు గీతలూ కొట్టేయండి. నీతి అన్నచోట ఉన్నది చెక్కేసి, ఈ ఒక్క ముక్క సరిగ్గా గీకండి: ఒక్క ఊఁ కూడా తప్పనివాడు ఒక్క ముక్క కూడా వినలేదు.